కొంగ వంతు గింజ

తొలివాన కురిసిన మర్నాడు దేవుడి పేరు చెప్పి ఆకులోని గింజలు పక్షుల నోట్లో తలా ఒకటి పెట్టడం పెద్దకొంగ పని. తన నోట్లో తను పెట్టుకోకూడదు. వరసలో చివరి పక్షి చేత పెట్టించుకోవాలి.

ఈసారి గోరింక నోరు తెరిచేసరికి కొంగ గింజను ఆకులోనే వదిలేసింది.

"రాజు ఎన్నికలో నక్కకు ఓటేశావట. నీకు లేదు, తప్పుకో."

గోరింక పోయి వరస చివర నిలబడింది.

మిగతా పక్షులు గింజలు మింగి ఎగిరిపోయాయి. ఆకులో రెండే మిగిలాయి, కొంగదీ గోరింకదీ. ఎదురుగా గోరింక తప్ప ఎవరూ లేరు. 'మరి నువ్వెవరికి వేశావు' అని గింజ పెట్టేముందు గోరింక అడిగితే ఏం చెప్పాలా అని కొంగ ఒంటికాలి మీద ఆలోచనలో పడింది.

గోరింక కొంగ వంతు గింజను కాలితో అందుకుంది.

"కాస్త వంగండి స్వామీ, మీ నోరు నాకు అందడం లేదు."