కోట గోడ మీద వెలుగు

దేవుడు పెట్టిన దీపానికి తాటాకు కాలిన వాసన ఎందుకు వస్తుంది?

ఈ అనుమానం మునివెంకటప్పను ఆరేళ్లుగా వదల్లేదు. చంద్రగిరిలో తన పూజాసామాను అంగట్లో కర్పూరం పొట్లాలు కడుతున్నా, సాయంత్రం కొండవైపు తిరిగి దండం పెడుతున్నా, ఆ వాసన ముక్కుకు తగులుతూనే ఉండేది.

అది నలభై రెండులో సంగతి. జపానువాళ్లు బాంబులు వేస్తారని మద్రాసు మద్రాసంతా ఖాళీ అవుతోంది. రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. మునివెంకటప్ప భార్య పంకజాక్షినీ, నెలల బిడ్డనూ తీసుకుని కాలువ పడవ ఎక్కాడు. పులికాట్ సరస్సులోకి వచ్చేసరికి పొద్దుగూకింది. గాలి లేచింది. ఒడ్డున లైట్‌హౌసు ఉంది గానీ, యుద్ధమని దాన్ని ఆర్పేశారు. పడవవాడు గెడ వదిలేసి ఏడుపు అందుకున్నాడు.

అప్పుడు పాతకోట గోడ మీద భగ్గుమని ఒక వెలుగు లేచింది. దాన్నే గురిపెట్టుకుని పడవ ఒడ్డు చేరింది.

ఎవరో మొలలోతు నీళ్లలోకి దిగి పడవను లాగాడు. తన దుప్పటి తెచ్చి, బిడ్డతో సహా మునివెంకటప్పకు కప్పాడు. అతని పేరు అడగాలన్న తెలివి కూడా అప్పుడు లేదు. నోట్లో ఒకటే మాట: “గోవిందా! స్వామే మాకు దీపం పెట్టినాడు!” ఒడ్డున నిలబడ్డ పెద్దమనుషులు ఆ మాట ఓపిగ్గా విన్నారు. ఎక్కడ, ఏ గోడ అని గుచ్చి గుచ్చి అడిగి, వేలెత్తి చూపించమని మరీ విన్నారు. అంత భక్తి! సూళ్లూరుపేటకు బండి కట్టించి పంపింది కూడా వాళ్లే.

ఆ దుప్పటి అలాగే ఇంట్లో ఉండిపోయింది. ఒకరి సొత్తు. వాడుకోవడానికి మనసు రాలేదు, పారేయడానికి అసలే రాలేదు.

ఇన్నాళ్లకు తీరిక దొరికింది. దుప్పటి ఉతికి మడిచి సంచిలో పెట్టుకుని, భార్యాభర్తలిద్దరూ మళ్లీ ఆ ఒడ్డుకు వచ్చారు. చూడవచ్చినవాళ్లకు గంగులమ్మ అనే ముసలామె దోవ చూపిస్తుందని పడవల దగ్గర చెప్పారు. ఆమె వెనకే నడిచారు.

ముందు లైట్‌హౌసు చూశారు. కొత్తగా సున్నం కొట్టారు. ఇప్పుడు రోజూ వెలుగుతోందట. తరువాత డచ్చివాళ్ల గోరీలు. వాకిలికి అటొకటి ఇటొకటి అస్థిపంజరాల బొమ్మలు చెక్కి ఉన్నాయి.

“సచ్చినోళ్లకి కాపలా గూడా సచ్చినోళ్లేనా?” అంది పంకజాక్షి.

“జీతం అడగరు గదమ్మా!” అంది గంగులమ్మ.

ముగ్గురూ నవ్వుకుంటూ కోట దగ్గరికి వచ్చారు. కోట అంటే మిగిలింది ఒక్క గోడే. మునివెంకటప్ప దాని మీదికి ఎక్కాడు. పైన రాళ్లు ఒక చోట నల్లగా మాడి ఉన్నాయి. వంగి వాసన చూశాడు.

“ఆరేండ్ల నాటి వాసన ఇంకా ఉంటాదా?” అని కింది నుంచి పంకజాక్షి నవ్వింది. “దేవుడే పెట్టినాడని ఊరంతా చాటితివి. ఇప్పుడు దేవుణ్ణే సోదా చేస్తాండావే!”

మునివెంకటప్ప దిగి వచ్చాడు. “అమ్మా, నలభై రెండులో ఒక పొద్దు ఈడ మంట లేచింది. నీకేమన్నా తెలుసునా?”

ముందుకు నడవబోతున్న గంగులమ్మ ఆగిపోయింది. “నీకెట్ల తెలుసు సామీ?”

“ఆ పడవలో ఉన్నింది మేమే.”

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“బిడ్డ బతికిందా?”

“ఓ! బడికి పోతాండాది.”

“మంచిది,” అంది గంగులమ్మ. గోడవైపు తిరిగింది. “మంట పెట్టింది మా ఇంటాయన, చెంగయ్య. పడవలో అరుపులు ఇని, మా గుడిసె కప్పు పీకి, ఆ తాటాకంతా తెచ్చి ఈడ ఏసి అంటించినాడు.”

మునివెంకటప్పకు గుండెల మీది బండ దిగినట్లయింది. మనిషే! దేవుడు మనిషి చేత పెట్టించాడు. రెండింటికీ తగాదా ఏముంది? ఆమెకు చేతులెత్తి మొక్కాడు.

“ఆయన యాడమ్మా? కాళ్ల మీద పడాల.”

“సచ్చిపాయ. ఆ పొద్దుల్లో ఒడ్డున అగ్గిపుల్ల గీసినా నేరమే గదా సామీ. ఊళ్లో ఒక్కరూ నోరు తెరవలా. ఎవురో గస్తీవోళ్లకి సూపించినారు. ఆ రేతిరే పట్టకపోయి కొట్టినారు. ఇంటికొచ్చి వారం బతికినాడు, అంతే.”

పంకజాక్షి కళ్లు తుడుచుకుంది. మునివెంకటప్ప ముఖం ఎర్రబడింది.

“ఎవడమ్మా ఆ పాపిష్టోడు? ప్రాణాలు కాపాడినోణ్ణి పట్టిస్తాడా? ఆ సూపించిన ఏలు పుచ్చి పురుగులు పడాల!”

“తిట్టొద్దు సామీ. తిట్టి తిట్టి నేనే విసుగొచ్చి మానుకున్నా.”

మునివెంకటప్ప సంచి తెరిచి దుప్పటి తీశాడు. “ఆ పొద్దు ఒడ్డున ఒక పుణ్యాత్ముడు కప్పినాడమ్మా. పేరు తెలీదు. ఆయనిల్లు సూపిస్తే, రుణం తీర్చుకుని పోతాం.”

గంగులమ్మ రెండు చేతులా దుప్పటి అందుకుంది. మడత విప్పింది. మూలన ఎర్రచీర ముక్కతో వేసిన అతుకు మీద ఆమె వేళ్లు ఆగాయి. చాలాసేపు దాన్నే నిమిరింది. మళ్లీ పద్ధతిగా మడిచి భుజాన వేసుకుంది.

“పోయేముందు మా ఇంటాయన చెప్పినాడు సామీ, తానిచ్చిన ఈ దుప్పటి కప్పుకోనుండే ఆయప్పే గస్తీవోళ్లకి ఈ గోడను ఏలెత్తి సూపించినాడని.”