నలభై ఒకటో టోకెన్

"లే, లే! ఆ కుర్చీలో కూర్చోకు తాతా!"

మౌనిక కేకకి ముసలాయన ఉలిక్కిపడి లేచాడు.

అది ఉత్త కుర్చీ కాదు మరి. వెనక తెల్లటి తువ్వాలు, పక్కన స్టూలు మీద శాలువా, పూలదండ. జగ్దల్‌పూర్ దసరా మైదానంలో తెలుగు సంఘంవారు పెట్టిన ఉచిత మరమ్మతు శిబిరానికి ఒక మాస్టారు రాబోతున్నారు. ఆయన కుర్చీ అది.

"మరి నేనేడ కూసోవాలె బిడ్డా? రాంచందర్ రమ్మన్నడు."

"రాంచందర్‌కి జ్వరం, ఇవాళ రాలేదు. ఆయన రమ్మన్నాడంటూ పొద్దున్నించి ఇరవై మంది వచ్చారు. ఇదిగో నీ టోకెన్, నలభై ఒకటి. పిలుస్తాం, వెళ్లి ఆ పట్టా మీద కూర్చో."

"అందరికీ గిట్లనేనా?"

"అందరికీ అంతే. ఇక్కడ పెద్దా చిన్నా తేడా లేదు."

ఆ మాట ముసలాయనకి నచ్చినట్టుంది. చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, వట్టి కాళ్లు ముడుచుకుని పట్టా మీద కూర్చున్నాడు.

మౌనిక తండ్రి రాజేశ్వరరావుకి ఊళ్లో కుట్టుమిషన్ల దుకాణం ఉంది. రాంచందర్ అందులో మెకానిక్. "నాకు పని నేర్పిన మాస్టారొకాయన ఉన్నడు సార్, కోంట దిక్కు. ఎంత మొండి మిషనైనా ఆయన చెయ్యి పడితే నడవాల్సిందే" అని చెప్పాడు. అంతే! రాజేశ్వరరావు బ్యానర్ కొట్టించాడు, సాయంత్రం నాలుగింటికి సన్మానమన్నాడు, పెద్ద ఆఫీసర్ని పిలిచాడు. మాస్టారి పేరేమిటో మాత్రం అడగలేదు. ఎందుకడుగుతాడు? మాస్టారంటే ఎలా ఉంటాడో ఆయనకి తెలియదా ఏమిటి? ఇస్త్రీ చొక్కా, జేబులో టెస్టరు, చేతిలో టూల్ పెట్టె.

పన్నెండు దాటాక సమ్మక్క వచ్చింది. మరైగూడ నించి తొలి బస్సుకి బయల్దేరి, కుట్టుమిషన్ నెత్తిన పెట్టుకుని మరీ వచ్చింది.

"ఏమైంది దీనికి?" అన్నాడు నరేష్. డిప్లొమా చదివాడు కాబట్టి శిబిరానికి ఇవాళ అతనే మెకానిక్.

"కుట్టు తప్పుతాంది సారూ. చక్రం బిర్రుగ తిరుగుతాంది. నడుస్తది గని, జల్ది నడవదు. దివాళీ లోపట బడిపిల్లల బట్టలు అరవై జతలు కుట్టియ్యాలె. ఇయ్యకుంటే ఆ పని వేరేటోళ్లకు పోతది. మా ఇల్లు గడిచేది దీని మీదనే."

"టోకెన్ అరవై మూడు. కూర్చో."

ముసలాయన పక్కన ఆమెకి చోటు దొరికింది.

కాసేపటికి రాజేశ్వరరావుకి చిరాకెత్తింది. ముప్పయ్యో నంబరు పిలిస్తే లేడు. ముప్పై మూడు లేడు. ముప్పై ఐదూ లేడు.

"టోకెన్లు తీసుకుని ఎక్కడికి పోతున్నారమ్మా ఈ జనం? ఊరికే చేస్తే విలువుండదు వీళ్లకి!"

విసవిసా పట్టా దగ్గరికి వెళ్లాడు. అక్కడ ముసలాయన చుట్టూ గుంపు. ఒకడి గొడుగు ఊచ సరిచేసి ఇచ్చాడు. ఇంకొకడి టార్చిలైటు వెలిగించి ఇచ్చాడు. వాళ్లు దండం పెట్టి వెళ్లిపోతున్నారు. ఇప్పుడు సమ్మక్క మిషన్‌ని పక్కకి ఒరిగించి, అడుగున వేలితో తడుముతున్నాడు.

"మంచి మిషనమ్మా ఇది. ఇంకో ఇరవై ఏండ్లు నడుస్తది," అంటున్నాడు.

"ఏయ్ ముసలాయనా! ఏంటి నీ పెత్తనం? ఏదైనా అయితే డబ్బు నువ్విస్తావా?"

"ఏం గాదయ్యా. లోపట దారపు పోగులు చుట్టుకున్నయ్. కిరసనాయిలు పోసి ఒక్క గంట వదిలేస్తే..."

"నాకు చెబుతావా మిషన్ల గురించి? ముప్పై ఏళ్లుగా అమ్ముతున్నాను!"

"అమ్ముడు వేరు, బాగుచేసుడు వేరయ్యా," అన్నాడు ముసలాయన మెల్లగా.

పక్కనెవరో కిసుక్కుమని నవ్వారు. రాజేశ్వరరావుకి ఒళ్లు మండిపోయింది.

"ఈయన్ని ముందు శిబిరం తాడు అవతలికి పంపించండి!"

ఇద్దరు వలంటీర్లు చెరో రెక్కా పట్టుకుని లేపారు. ముసలాయన పెనుగులాడలేదు. టోకెన్ని మౌనిక బల్ల మీద పెట్టాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"పోతున్న గని, ఒక్క మాట. ఆ చక్రం ఉల్టా తిప్పకండి. ఇరిగిపోతది."

ఆ మాటతో రాజేశ్వరరావుకి పట్టుదల పెరిగింది. నంబర్లు పక్కన పెట్టి సమ్మక్క మిషన్ బల్ల మీదికి ఎత్తించాడు. నరేష్ చక్రం ముందుకి తిప్పాడు. బిర్రుగా ఉంది.

"ఇలా తే," అంటూ రాజేశ్వరరావు తనే చక్రం పట్టుకుని, జనం అందరూ చూస్తుండగా, వెనక్కి ఒక్క గుంజు గుంజాడు.

లోపల పుటుక్కుమంది.

ఇప్పుడు చక్రం గిర్రున తిరిగింది. సూది మాత్రం కదల్లేదు.

నరేష్ లోపలికి తొంగిచూసి నాలిక కరుచుకున్నాడు. "షాఫ్టు విరిగింది అంకుల్. పాత మోడలు, ఈ సామాను ఇప్పుడు దొరకదు."

"పాతదే కదమ్మా, ఎప్పటికైనా పోయేదే," అన్నాడు రాజేశ్వరరావు చేతులు తుడుచుకుంటూ. "పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చెయ్. మా దుకాణానికి రా, కొత్తది తగ్గించి ఇస్తా."

సమ్మక్క కొంగుతో మిషన్ని తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"నడిచేదాన్ని తెచ్చిన సారూ," అంది. "నిన్న రాత్రి దాంక కుట్టిన."

ఆమె మళ్లీ మిషన్ నెత్తికెత్తుకుని, దసరా రథం చూడ్డానికి వస్తున్న జనానికి ఎదురు నడిచి వెళ్లిపోయింది.

నాలుగింటికి పెద్ద ఆఫీసరు వచ్చాడు. ఖాళీ కుర్చీకి ఎదురుగా పావుగంట కూర్చుని, టీ తాగి, ఇంకో పనుందని లేచాడు. పూలదండ ఎండకి వాడిపోయింది.

రాజేశ్వరరావు రాంచందర్‌కి ఫోన్ చేశాడు.

"పరువు తీశావు కదరా! ఎక్కడ నీ మాస్టారు? వస్తాడని చెప్పి ఇంతమందిలో నన్ను వెర్రివాణ్ని చేస్తావా?"

"అదేంది సార్, పొద్దుగాలనే వచ్చిండు గద! ఇప్పుడే బస్సెక్కుతూ ఫోన్ చేసిండు... ఆ ఆడమనిషి మిషన్ చక్రం ఉల్టా తిప్పలేదు గద, జర మిమ్మల్ని అడిగి చెప్పమన్నడు."