పాడుబావి పలకరింపు

పాడుబావి మీదకి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుండేవి. ఒక ఏడు ఒకరింట పిల్లలు ఆకలికి మాడి చచ్చినా పక్కగూటికి తెలియలేదు. ఆ సిగ్గుకొద్దీ పెద్ద గవరయ్య ఓ కట్టుబాటు పెట్టాడు. పొద్దు వాలగానే పైకొమ్మ మీద కూర్చుని, ఒక్కో గూటివైపు తిరిగి "బాగేనా?" అని అడుగుతాడు. ఆ ఇంటివాళ్లు "బాగే" అనాలి.

పైడమ్మ కొత్తగా పిల్లల తల్లయింది. తల్లి చెవి కదా, తేడా పట్టేసింది. అందరూ "బాగే" అంటుంటే, అన్నిటికన్నా కిందికి వేలాడే ఎర్రన్న గూటినుంచి మాత్రం "బాగేనా..." అని వస్తోంది. ఆ గొంతులో ఏదో తడి.

మర్నాడు పొద్దున్నే చూడబోయింది. ఎర్రన్న లేడు, ఆలి లేదు. గూట్లో పిల్లల ఈకలు మిగిలాయి. వెలుతురుకని బంకమట్టిలో అంటించిన మిణుగురు ఎండి పొట్టయింది.

"ఎర్రన్నా" అంది పైడమ్మ.

"ఎర్రన్నా" అంది కిందనుంచి బావి.

రివ్వున వచ్చి గవరయ్య పక్కన వాలింది. "మావా, ఎర్రన్న గూడు ఖాళీ. ఇన్నాళ్లూ నీకు పలికింది బావి."

గవరయ్య ఈకలు సవరించుకున్నాడు. "మన చెట్టున పలకని గూడు లేదమ్మా. పక్క చెట్లవాళ్లు మనల్ని చూసి నేర్చుకుంటున్నారు. పేరు చెడగొట్టకు."

ఆ సాయంత్రం పైడమ్మ పిల్లల్ని రెక్కల కింద అదుముకుని నోరు మెదపలేదు. పలక్కపోతే ఎవరైనా వచ్చి చూస్తారని ఆశ.

"బాగేనా?" అన్నాడు గవరయ్య, ఆమె గూటికేసి చూసి.

"బాగేనా..." అంది బావి.

"మంచిది" అంటూ గవరయ్య పక్కగూటివైపు తిరిగాడు.