వెల్డర్ కళ్ళు మూసుకోని రోజు

షెడ్డులో తినేముందు అందరూ చేతులు కడుక్కుంటారు. వెల్డర్ ఒక్కడే కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేస్తాడు. అందుకే అతనికి పాస్టరుగారని పేరు పెట్టారు. ఆ కళ్ళు తెరిచేలోపు ఫిట్టర్ అతని క్యారేజీ దాచేస్తాడు. రోజూ అదే నవ్వు.

ఇవాళ వెల్డర్ కళ్ళు మూసుకోలేదు. మూత తీసి, కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

సగం చాచిన చెయ్యి ఫిట్టర్ వెనక్కి తీసుకున్నాడు. "ఏం పాస్టరుగారూ, ఇవాళ మీ దేవుడికి సెలవా?"

"నన్నూ మీలాగే తిననివ్వరా. విసుగొచ్చింది."

ఫిట్టర్ నవ్వలేదు. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అలా అనకన్నా. మా పాప ఆస్పత్రిలో ఉంది. ప్రార్థన చెయ్యమని నిన్ను అడగలేదు, నిజమే. కానీ మా షెడ్డులో ఒకాయన రోజూ పాప కోసం ప్రార్థన చేస్తున్నాడని మా ఆవిడతో చెప్పా. తను ఆ మాట పట్టుకునే బతుకుతోంది."

వెల్డర్ లేచి, చెయ్యి కడుక్కొచ్చి, కళ్ళు మూసుకున్నాడు. ఫిట్టర్ ఇవాళ అతని క్యారేజీ జోలికి పోలేదు. ఆ పెదవులనే చూస్తూ కూర్చున్నాడు.

పెదవులు కదిలాయి, అలవాటు కొద్దీ. చాలాకాలంగా ఆ మూసిన కళ్ళ వెనక, క్యారేజీ ఎటు పోతోందోనన్న ధ్యాస తప్ప మరొకటి లేదు.