పారిపోని దొంగ

డ్రామెన్ ఊళ్లో పద్నాలుగేళ్ల సున్నివా అదే దుకాణంలో నెలలో మూడోసారి సెంటు సీసా దొంగిలించి పట్టుబడింది. ఈసారి కూడా పారిపోలేదు. పోలీసులు వచ్చేదాకా గుమ్మం దగ్గరే నిలబడింది.

పిల్లల కేసులు చూసే పోలీసు అధికారిణి టోరున్‌కు అనుమానం వచ్చింది. ఏదో ముఠా వెనక ఉండి ఈ పిల్లను ముందుకు తోస్తోందనుకుంది. తండ్రినీ కూతురినీ స్టేషన్‌కు పిలిపించింది.

"ఎవరమ్మా నీతో ఇదంతా చేయిస్తున్నది?"

"చెడు స్నేహాలేనండి. ఇంట్లో ఏ లోటూ చెయ్యలేదు" అన్నాడు తండ్రి.

"నేను అడిగింది తనని."

"అది నోరు విప్పదండి, మొండిఘటం." నవ్వుతూ కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది.

టోరున్ అది చూసింది. కింద కౌంటర్‌లో ఏవో సంతకాలు పెట్టి రమ్మని ఆయన్ని పంపి, తలుపు మూసింది.

"చెప్పు తల్లీ. ఆ ముఠా వాళ్లంటే భయమా?"

మూసి ఉన్న తలుపు వంక సున్నివా ఒకసారి చూసింది. తరువాత గొంతు తగ్గించి అడిగింది.

"ఇంకా ఎన్నిసార్లు దొంగతనం చేస్తే మీరు నన్ను ఇంటికి పంపకుండా ఉంటారు?"

మెట్ల మీద తండ్రి అడుగుల చప్పుడు వినిపించింది. టోరున్ లేచి, తలుపుకు లోపలినుంచి తాళం వేసింది.