తిప్పి చూడమ్మా

"బిస్కెట్లేవి?" కుట్టు మిషను ఆపి అడిగింది దర్జీ.

"తేలేదు. కళ్లద్దాలావిడ వద్దంది," అన్నాడు మొగుడు, బస్సు డ్రైవరు.

దర్జీకి ఒళ్లు మండిపోయింది. వారం రోజులుగా ఇదే పాట. ఎవరో ముసలావిడ. రోజూ సాయంత్రం సూపర్ మార్కెట్‌లో నిలబడి, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ప్యాకెట్ల వెనక రాసింది చదివిపెడుతుందట.

"ముందు షుగర్ ఫ్రీ అని అంత లావున రాసుంటే!"

"వెనక మైదా అని సన్నగా రాసుందే. అదీ లోపలికెళ్లి చక్కెరే అవుతుందట. పక్కన వేసిన లెక్కలు కూడా రెండు బిస్కెట్లకేనట. నేను లాగించేది ప్యాకెట్టు!"

"తిండి తగ్గించమని పన్నెండేళ్లుగా చెవినిల్లు కట్టుకుని పోరుతున్నా. నా మాట ఎక్కలేదు గానీ, ఆవిడ మాట ఎక్కిందా?"

నెలాఖరు పరీక్షలో షుగర్ తగ్గకపోతే బస్సు ఇచ్చేది లేదని డిపోలో తేల్చి చెప్పారు. తగ్గాలి, నిజమే. కానీ తగ్గించేది తనే కావాలి, ఇంకొకతె కాదు.

మర్నాడు సాయంత్రం తనే సూపర్ మార్కెట్‌కు వెళ్లింది. లావుపాటి కళ్లద్దాలు, ఎడమ కంటి కింద మిరియపు గింజంత పుట్టుమచ్చ. ఈ ముఖానికా మా ఆయన పడిపోయింది అనుకుంది.

కావాలనే ఎప్పుడూ కొనే ప్యాకెట్టు తీసింది. దాని మీద ఓ పడుచు తల్లి బిడ్డకు బిస్కెట్టు తినిపిస్తూ నవ్వుతుంటుంది. దర్జీ చిన్నప్పుడూ అదే బొమ్మ.

"బొమ్మని నమ్మకు, తిప్పి చూడమ్మా," అంది ముసలావిడ.

"ఈ తల్లి మీద నాకు నమ్మకముంది. మీ మీదే లేదు. మగవాళ్లని ఆపి కబుర్లు చెప్పే వయసా మీది?"

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు. ముసలావిడ ఓసారి ప్యాకెట్టు మీది బొమ్మ వైపు చూసింది. తలొంచుకుని వెళ్లిపోయింది.

పీడ విరగడయిందనుకుంది దర్జీ. మొగుడు మాత్రం ప్యాకెట్లు తిప్పి చదవడం మానలేదు.

నెలాఖరులో డాక్టరు కాగితం చూసి నవ్వాడు.

"బాగా తగ్గింది. బస్సు మీదే. ఎవరి చలవ?"

"మా ఆవిడదేనండి," అన్నాడు డ్రైవరు.

పక్కనే కూర్చున్న దర్జీ ఆ మాట కోసమే ఇన్నాళ్లూ కుళ్లిపోయింది. తీరా వింటే తలెత్తలేకపోయింది.

చేతులు పట్టుకుని క్షమించమందామని అట్నుంచటే సూపర్ మార్కెట్‌కు పరుగెత్తింది.

"ఆవిడా? మీరు గొడవపడిన రోజు నుంచీ రావట్లేదండీ. ఎక్కడుంటారో తెలీదు," అంది సేల్స్ అమ్మాయి.

దర్జీ పాత అలవాటు కొద్దీ ఆ ప్యాకెట్టే తీసింది. మొదటిసారి తిప్పి, వెనకంతా చదివింది. పెట్టేయబోతూ ముందు బొమ్మ వైపు మళ్లీ చూసింది.

నవ్వుతున్న ఆ పడుచు తల్లికి ఎడమ కంటి కింద, మిరియపు గింజంత పుట్టుమచ్చ ఉంది.