పదకొండో చుట్టు

ఎక్కడ దెబ్బ తగిలితే హిందూపురం ఊరంతా నీళ్లు లేక ఎండిపోతుందో తేల్చడమే నా పీహెచ్‌డీ. ఆ రాత్రి పెనుకొండ రోడ్డు పంపుహౌసులో ఆపరేటరు తిమ్మప్ప స్పానరు ఒక కొస పైపుకు ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు. పైపులో నీళ్లెలా పోతున్నాయో ఆయన రోజూ అలాగే వింటాడు.

"ఎవరో మెయిన్ వాల్వు కట్టేస్తాండారు పాపా. అప్పుడే మూడు చుట్లయినాయి."

ఆ వాల్వు రెండు కిలోమీటర్ల అవతల, చీకట్లో ఉంది. దాని గది తాళంచెవి తిమ్మప్ప మొలతాడుకే వేలాడుతోంది.

స్పానరు నేనందుకున్నాను. నీళ్ల హోరు వెనక ఇనుము కిర్రుమంటూ తిరుగుతోంది. నాలుగు, ఐదు, ఆరు. పదకొండో చుట్టు దగ్గర ఆగిపోయింది.

ఆ వాల్వు మూసేటప్పుడు పదకొండు చుట్లు తిప్పి, బీడీ కాల్చినంత సేపు ఆగాలి. ఆగకపోతే పైపు పగిలి ఊరికంతా తెలిసిపోతుంది. ఏ పుస్తకంలోనూ లేని ఈ కిటుకు తిమ్మప్ప ముప్పై ఏళ్ల పనిలో తెలుసుకున్నది. ఎవరికీ చెప్పొద్దని నాకు చెప్పాడు. నేను థీసిస్ నాలుగో అధ్యాయంలో రాశాను. దాన్ని చదివింది మా గైడొక్కరే. "నా దగ్గరే ఉంటుందమ్మా" అన్నారు.

తిమ్మప్ప నా మొహంలోకే చూస్తున్నాడు.

"ఆ మాట నా కొడుక్కి కూడా చెప్పలే పాపా" అన్నాడు.

బీడీ కాల్చినంత సేపు అయిపోయింది. నా చెవిలో ఇనుము మళ్లీ కిర్రుమంది.